న్యాయవిద్యలో సాంకేతిక పరిజ్ఞానం

న్యాయవిద్యలో సాంకేతిక పరిజ్ఞానం అనగా న్యాయ కళాశాలలలోను, న్యాయ విశ్వవిద్యాలయాలలోను బోధనకు, అధ్యయనానికి, వృత్తి శిక్షణకు కంప్యూటర్లను, అంతర్జాలాన్ని, తీర్పుల నిధులను, దృశ్యశ్రవణ సాధనాలను వినియోగించడం. వైద్య విద్యార్థికి ఆసుపత్రి, వ్యవసాయ విద్యార్థికి పొలం ఎట్టివో న్యాయ విద్యార్థికి కోర్టు, తీర్పుల గ్రంథాలయం అట్టివి. పై కోర్టులు, మంచి గ్రంథాలయాలు చిరకాలం పెద్ద పట్టణాలకే పరిమితమై ఉండేవి. తరగతి గదిలో తెరలు, ప్రొజెక్టర్లు అమర్చడం కంటె, తీర్పులు, చట్టాలు, కోర్టు విచారణలు మారుమూల గ్రామానికి కూడా ఉచితంగా చేరడమే ఈ రంగంలో సాంకేతికత తెచ్చిన అసలైన మార్పు. అయితే అలా చేరినవాటిలో అధికభాగం ఇంగ్లీషులోనే ఉండటం, చేరిన సమాచారాన్ని పరీక్షించి వాడే శిక్షణ కొరవడటం అనే రెండు లోపాలు ఇంకా మిగిలి ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాల నుండి న్యాయవిద్యకు వెళ్ళే విద్యార్థుల విషయంలో ఈ మార్పు, ఈ లోపాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

నేపథ్యం

భారతదేశంలో న్యాయవిద్య ప్రమాణాలను 1961 నాటి న్యాయవాదుల చట్టం ప్రకారం భారత బార్ కౌన్సిల్ నిర్ణయిస్తుంది. పట్టభద్రులకు మూడేళ్ళ ఎల్‌ఎల్‌.బి., ఇంటర్మీడియెట్ పూర్తిచేసినవారికి ఐదేళ్ళ సమీకృత కోర్సు ఉన్నాయి. 1987లో బెంగుళూరులో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం స్థాపించబడిన తరువాత అదే నమూనాలో 1998లో హైదరాబాదులో నల్సార్, 2008లో విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ న్యాయ విశ్వవిద్యాలయం ఏర్పడినవి. విశాఖపట్నం సంస్థకు తరువాత దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమని పేరు మార్చారు. ఇది సబ్బవరంలో ఉన్నది.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థికి న్యాయవిద్యలోకి రెండు దారులు కలవు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ అనే ప్రవేశ పరీక్ష ఉన్నది. ఇది ఇంగ్లీషులో మాత్రమే జరుగుతుంది. రాష్ట్రంలోని ఇతర న్యాయ కళాశాలలకు లాసెట్ పరీక్ష. ఇది కంప్యూటరు ద్వారా, తెలుగు, ఇంగ్లీషు భాషలు రెండింటిలోను ప్రశ్నలతో జరుగుతుంది. ఉద్దానం వంటి ప్రాంతాల నుండి వచ్చే విద్యార్థులలో ఎక్కువమంది రెండవ దారినే పోతారు. ఖరీదైన తీర్పుల నిధులకు చందా కట్టగలిగే సంస్థలు మొదటి దారిలోనే ఎక్కువ. సాంకేతికత న్యాయవిద్యకు ఏమి చేసినదనే ప్రశ్నను ఈ రెండవ దారి విద్యార్థి వైపు నుండి చూడడం ఉచితం.

బార్ కౌన్సిల్ 2008లో జారీచేసిన న్యాయవిద్యా నియమాలు నాలుగు ఆచరణాత్మక పత్రాలను తప్పనిసరి చేసినవి. అవి దస్తావేజులు, దావా పత్రాలు రాయడం, వృత్తి నీతి, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, కల్పిత న్యాయస్థానం (మూట్ కోర్టు) మరియు ఇంటర్న్‌షిప్. చివరి పత్రంలో భాగంగా విద్యార్థి ఒక సివిలు కేసును, ఒక క్రిమినలు కేసును కోర్టులో కూర్చొని గమనించి నోటు పుస్తకంలో రాయవలెను.

గ్రంథాలయం నుండి అంతర్జాలానికి

అమెరికాలోని హార్వర్డు న్యాయ పాఠశాలకు 1870లో అధిపతిగా వచ్చిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్, సూత్రాలను ఉపన్యసించే పద్ధతికి బదులు అసలు తీర్పులను విద్యార్థుల చేత చదివించి, ప్రశ్నించి బోధించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆ పద్ధతి వ్యాపించిన కొద్దీ తీర్పుల సంపుటాలు ఉన్న గ్రంథాలయం న్యాయవిద్యకు ప్రయోగశాల అయినది. భారతదేశంలో 1914 నుండి వెలువడుతున్న ఆలిండియా రిపోర్టర్, తెలుగునాట ఆంధ్ర వీక్లీ రిపోర్టర్, ఆంధ్ర లా టైమ్స్ వంటి సంపుటాల వరుస ఎంత పొడవున్నదో అంత గొప్ప కళాశాల అన్న మాట ఒకప్పుడు అతిశయోక్తి కాదు. ఆ వరుసను సమకూర్చుకోవడం చిన్న కళాశాలలకు తలకు మించిన భారం.

కంప్యూటరులో తీర్పులను వెదకే లెక్సిస్ సేవ అమెరికాలో 1973లో వచ్చినది. కంప్యూటరు ద్వారా న్యాయశాస్త్ర పాఠాలు తయారుచేయడానికి మిన్నెసోటా, హార్వర్డు విశ్వవిద్యాలయాలు 1982లో ఒక కేంద్రాన్ని నెలకొల్పినవి. 1992లో కార్నెల్ విశ్వవిద్యాలయం, 1995లో ఆస్ట్రేలియాలోని రెండు విశ్వవిద్యాలయాలు చట్టాలను, తీర్పులను అంతర్జాలంలో ఉచితంగా ఉంచసాగినవి. భారతదేశంలో 1990లలో తీర్పుల సీడీలు అమ్మకానికి వచ్చినవి. తరువాత చందాతో నడిచే వెబ్‌సైట్లు వచ్చినవి. ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం సుప్రీంకోర్టు తీర్పులను జూడిస్ అనే వెబ్‌సైటులో ఉంచినది. కాని అందులో కావలసినదాన్ని వెదకి పట్టుకోవడం కష్టంగా ఉండేది. 2008లో సుశాంత్ సిన్హా అనే కంప్యూటరు శాస్త్ర విద్యార్థి ప్రారంభించిన ఇండియన్ కానూన్ ఈ ఇబ్బందిని తీర్చినది. చట్టంలోని ఒక సెక్షను నుండి దానిని వ్యాఖ్యానించిన తీర్పులకు, ఒక తీర్పు నుండి దానిని ఉదహరించిన ఇతర తీర్పులకు సులభంగా వెళ్ళే ఏర్పాటు ఇందులో ఉన్నది. న్యాయ కళాశాల గాని, బార్ కౌన్సిల్ గాని కాక, న్యాయశాస్త్రంతో వృత్తి సంబంధం లేని ఒక విద్యార్థి ఈ పని చేయడం గమనించదగినది. 2011లో లీగల్ ఇన్ఫర్మేషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా అనే మరొక ఉచిత నిధి వచ్చినది.

తీర్పులను ఎవరైనా ఉచితంగా ప్రచురించవచ్చునా అనే ప్రశ్నకు సమాధానం ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో 2007 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చినది. తమ సంపుటాలలోని తీర్పులను వేరొకరు సీడీలలోకి ఎక్కించారన్నది ప్రచురణకర్తల ఫిర్యాదు. న్యాయమూర్తి రాసిన తీర్పు పాఠం ప్రజలందరిదనీ, సంపాదకులు తమ నైపుణ్యంతో చేర్చిన పేరాల విభజన వంటి వాటికి మాత్రమే రక్షణ ఉంటుందనీ కోర్టు నిర్ణయించినది. నేడు ఉచిత నిధులన్నీ నిలిచి ఉన్నది ఈ సూత్రం మీదనే.

సుప్రీంకోర్టు తన అధికారిక సంపుటాలను 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఉచితంగా అందరికీ తెరిచినది. అదే సంవత్సరం తీర్పులకు తటస్థ సంఖ్యా విధానాన్ని కూడా ప్రవేశపెట్టినది. అనగా ఏ ప్రచురణకర్త సంపుటంతోను పని లేకుండా, సంవత్సరం, కోర్టు పేరు, క్రమసంఖ్యలతో తీర్పును గుర్తించవచ్చును. సంపుటాలు కొనలేని కళాశాల విద్యార్థి కూడా కల్పిత న్యాయస్థానంలో సరైన ఉదాహరణ సంఖ్యతో వాదించడానికి దీనివలన వీలు కలిగినది.

విచారణల ప్రత్యక్ష ప్రసారం

కోర్టు విచారణలను ప్రసారం చేయించడంలో న్యాయ విద్యార్థులకు నేరుగా పాత్ర కలదు. సుప్రీంకోర్టులో సోమ, శుక్రవారాలలో రద్దీ కారణంగా ఇంటర్న్‌షిప్ విద్యార్థులను హాలులోనికి అనుమతించేవారు కాదు. దీనిపై స్వప్నిల్ త్రిపాఠీ అనే న్యాయ విద్యార్థి వేసిన పిటిషనుతోపాటు మరికొన్నింటిని విచారించి, 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ప్రత్యక్ష ప్రసారాలకు అనుకూలంగా తీర్పు చెప్పినది. అమలుకు నాలుగేళ్ళు పట్టినది. తెలుగువాడైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ పదవీ విరమణ రోజైన 2022 ఆగస్టు 26న తొలిసారిగా వీడ్కోలు ధర్మాసనం కార్యక్రమం ప్రసారమైనది. రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు సెప్టెంబరు 27 నుండి ప్రసారమవుతున్నాయి. ఈలోగా గుజరాత్ హైకోర్టు 2020లోనే యూట్యూబ్ ప్రసారం ప్రారంభించినది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1 నుండి అమరావతిలో పనిచేస్తున్నది. కవిటి నుండి అది ఐదువందల కిలోమీటర్లకు పైగా దూరం. ఢిల్లీ సంగతి చెప్పనక్కరలేదు. రాజ్యాంగ ధర్మాసనం ముందు సీనియర్ న్యాయవాది ఎలా వాదిస్తాడో, న్యాయమూర్తి ప్రశ్నకు ఎలా తడుముకుంటాడో కూడా చూడగలగడం గత తరం విద్యార్థులకు దొరకని అవకాశం.

అయితే ఈ ప్రసారాలలో కనిపించేది వాదన మాత్రమే. సాక్షుల విచారణ, అడ్డు ప్రశ్నలు (క్రాస్ ఎగ్జామినేషన్) జరిగేది కింది కోర్టులలో. సుప్రీంకోర్టు ఈ-కమిటీ రూపొందించిన నమూనా నియమాలు సాక్ష్యం నమోదును, కుటుంబ వివాదాలను, లైంగిక నేరాల విచారణలను ప్రసారం నుండి మినహాయించినవి. సాక్షుల రక్షణకు, గోప్యతకు అది అవసరమే. అందువలన సాక్షిని ప్రశ్నించే విద్య నేర్చుకోవాలంటే ఇప్పటికీ కోర్టు బల్ల మీద కూర్చోక తప్పదు.

బోధనలో వినియోగం

తీర్పు చేతికి రావడం వేరు, దానిని ఉపయోగించడం వేరు. వెదుకులాట యంత్రం పదాలను పోల్చి తీర్పులను చూపుతుంది. ఆ తీర్పు నేటికీ చెల్లుతుందో లేదో చెప్పే బాధ్యత దానిది కాదు. దీనికి ఎలక్ట్రానిక్ సాక్ష్యం చరిత్ర మంచి పాఠం. పార్లమెంటుపై దాడి కేసులో 2005లో ఇచ్చిన తీర్పులో (నవజోత్ సంధు కేసు) సాక్ష్య చట్టం 65-బి సెక్షను ధ్రువపత్రం లేకున్నా ఫోను కాల్ రికార్డులను ఇతర మార్గాన నిరూపించవచ్చునని సుప్రీంకోర్టు చెప్పినది. 2014లో అన్వర్ వర్సెస్ బషీర్ కేసులో ఆ సూత్రాన్ని తోసిపుచ్చి, ధ్రువపత్రం తప్పనిసరి అన్నది. 2018లో షఫీ మొహమ్మద్ కేసులో, పరికరం తన వద్ద లేని కక్షిదారుకు సడలింపు ఇచ్చినది. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో ఆ సడలింపు సరికాదని, అన్వర్ తీర్పే సరియైనదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చినది. 2024 జూలై 1న సాక్ష్య చట్టమే రద్దయి భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చినది. ఇప్పుడు ఆ విషయం 63వ సెక్షనులో ఉన్నది. అంతర్జాలంలో 2005 నాటి తీర్పు ఒక్కటే చదివి ఆగిపోయిన విద్యార్థి పూర్తిగా తప్పు సమాధానం రాస్తాడు. 2018 వరకు చదివి ఆగినవాడు సగం తప్పు రాస్తాడు. ఒక తీర్పును పట్టుకొని దాని వెనుక వచ్చినవాటిని వరుసగా వెదకే అభ్యాసం ఉపాధ్యాయుడు దగ్గరుండి చేయించవలసినది.

కొత్త చట్టంలోని ధ్రువపత్రంలో ఎలక్ట్రానిక్ రికార్డు యొక్క హాష్ విలువను పేర్కొనవలెను. హాష్ అనగా ఫైలులోని సమాచారం నుండి గణిత సూత్రం ద్వారా వచ్చే అక్షర, అంకెల వరుస. ఫైలులో ఒక కామా మారినా ఈ వరుస పూర్తిగా మారిపోతుంది. దీనిని ఉపన్యాసంలో వివరించడానికి గంట పడుతుంది. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఒక చిన్న ఫైలుకు హాష్ తీయించి, ఒక అక్షరం మార్పించి, మళ్ళీ తీయిస్తే ఐదు నిమిషాలలో అర్థమవుతుంది. సాంకేతికతను బోధనలో ఎక్కడ వాడాలో తెలియజేసే ఉదాహరణ ఇది. బార్ కౌన్సిల్ 2024-25 విద్యాసంవత్సరం నుండి కొత్త క్రిమినలు చట్టాలను పాఠ్యప్రణాళికలో చేర్చవలెనని ఆదేశించినది.

రద్దయిన చట్టం అచ్చులో బ్రతికి ఉండటం మరొక ప్రమాదం. సమాచార సాంకేతిక చట్టం 66-ఎ సెక్షనును శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఆ తరువాత కూడా దాని కింద పోలీసులు కేసులు నమోదు చేస్తూ వచ్చిన విషయం 2021లో సుప్రీంకోర్టు దృష్టికి వచ్చినది. అచ్చుపుస్తకాలలో సెక్షను యథాతథంగా ఉండి, కొట్టివేసిన సంగతి అడుగున చిన్న అక్షరాలలో ఉండటం ఇందుకు ఒక కారణమని అటార్నీ జనరల్ కోర్టుకు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 అక్టోబరు 31 నుండి అమలైనట్లు ప్రకటించబడిన భూ యాజమాన్య హక్కుల చట్టాన్ని 2024లో శాసనసభ రద్దు చేసినది. ఏడాది కూడా నిలవని అటువంటి చట్టం ఏ పాఠ్యపుస్తకం లోనికి ఎప్పుడు ఎక్కుతుంది, ఎప్పుడు దిగుతుంది? కేంద్ర, రాష్ట్ర చట్టాలను సవరణలతో ఉంచే ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటును తరగతిలో తెరిచి చూపడం ఇందుకే అవసరం.

తెలుగునేల మీద పుట్టిన కేసులు పాఠానికి మరింత ఉపకరిస్తాయి. సయ్యద్ ఆసిఫుద్దీన్ కేసులో 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక సంస్థ చౌకగా ఇచ్చిన సెల్‌ఫోనులను మరొక సంస్థ సేవలకు పనిచేసేటట్లు మార్చడంపై విచారించి, ఫోనులోని ప్రోగ్రామును మార్చడం సమాచార సాంకేతిక చట్టం 65వ సెక్షను కిందికి రావచ్చునని చెప్పినది. సెల్‌ఫోను కూడా చట్టం దృష్టిలో కంప్యూటరే అన్న విషయం ఆ తీర్పులో సవివరంగా ఉన్నది.

కోర్టుల కంప్యూటరీకరణ కోసం ఉద్దేశించిన ఈ-కోర్టుల పథకం 2007లో ప్రారంభమైనది. రెండవ దశ 2015లోను, మూడవ దశ 2023లోను వచ్చినవి. ప్రతి కేసుకు పదహారు అక్షరాల సంఖ్య ఒకటి ఉంటుంది. దానితో ఆ కేసు దాఖలైన తేది, వాయిదాలు, ఉత్తర్వులు చూడవచ్చును. న్యాయవిద్యకు ఇది అనుకోకుండా దొరికిన పనిముట్టు. సివిలు ప్రక్రియా స్మృతి ప్రకారం ప్రతివాది తన జవాబు దావా సాధారణంగా ముప్పై రోజులలో, మించితే తొంభై రోజులలో వేయవలెను. విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వరాదు. ఈ గడువులు మరీ కఠినమైన సందర్భాలలో సడలించదగినవని సేలం బార్ అసోసియేషన్ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పినది. సోంపేట కోర్టులోనో, టెక్కలి కోర్టులోనో పది దావాలను ఎంచుకొని, గడువు ఏది, నడిచినది ఏది అని విద్యార్థుల చేత పట్టిక వేయిస్తే, పుస్తకంలోని సూత్రానికి, కోర్టులోని ఆచరణకు మధ్య దూరం వారికే తెలుస్తుంది. ఈ పని చేసేటప్పుడు కక్షిదారుల పేర్లు బయటపెట్టకుండా జాగ్రత్తపడవలెను. లైంగిక నేరాల బాధితుల వివరాలు వెల్లడించడం నేరం కూడా.

దస్తావేజుల బోధనలో ఆంధ్రప్రదేశ్‌కు ఒక విశిష్టత కలదు. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ అనే కంప్యూటరీకరణ పథకం అమలులోకి వచ్చినది. అప్పటివరకు చేతితో నకలు రాసే పద్ధతి ఉండేది. 2015లో మీభూమి వెబ్‌సైటు ద్వారా అడంగల్, 1-బి నకళ్ళు అంతర్జాలంలో అందినవి. ఆస్తి బదిలీ చట్టం చదివే విద్యార్థి తన సొంత గ్రామంలోని భూమికి యాజమాన్యపు గొలుసును తనే వెదకి చూడవచ్చును. ఇవి తెలుగులో ఉండటం వలన భాష అడ్డురాదు.

కల్పిత న్యాయస్థానపు వాదనలను సెల్‌ఫోనుతో చిత్రీకరించి విద్యార్థికి తిరిగి చూపడం ఖర్చులేని పద్ధతి. తన గొంతు ఎక్కడ తగ్గినదో, ప్రశ్నకు సమాధానం ఇవ్వక ఎక్కడ తప్పించుకున్నాడో ఉపాధ్యాయుడు చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. 2020లో కరోనా కారణంగా కళాశాలలు మూతపడినప్పుడు పాఠాలు, కల్పిత న్యాయస్థాన పోటీలు కూడా తెరమీదికి మారినవి. అదే కాలంలో నిజమైన కోర్టులు కూడా తెరమీదికి రావడంతో, వీడియోలో వాదించడం ఒక వృత్తి నైపుణ్యమే అయినది. వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోవచ్చునని సుప్రీంకోర్టు అంతకు చాలా ముందే, 2003లో ప్రఫుల్ల దేశాయి కేసులో చెప్పి ఉన్నది.

ఉద్దానం ప్రాంతంలో

కవిటి మండల కేంద్రం. కొబ్బరి, జీడి తోటలకు పేరుపొందిన ఉద్దానానికి ఉద్యానవనం అనే మాట నుండి ఆ పేరు వచ్చినదంటారు. న్యాయశాస్త్రం చదవదలచిన ఇక్కడి విద్యార్థికి ఎచ్చెర్లలోని డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం నూరు కిలోమీటర్లకు పైగా, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల రెండువందల కిలోమీటర్లకు పైగా దూరం. అన్నిటికంటె దగ్గరగా ఉన్నది రాష్ట్ర సరిహద్దు దాటిన తరువాత వచ్చే బరంపురంలోని లింగరాజ్ న్యాయ కళాశాల. ఒడియా, తెలుగు రెండూ మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఉండటం వలన బరంపురం వారికి పరాయి ఊరు కాదు. చిక్కు మరొకటి ఉన్నది. ఒడిశాలో చదివిన విద్యార్థి ఆ రాష్ట్ర భూచట్టాలు చదువుతాడు. తిరిగివచ్చి సోంపేటలోనో, ఇచ్ఛాపురంలోనో ప్రాక్టీసు పెట్టినప్పుడు అతనికి కావలసినది ఆంధ్రప్రదేశ్ భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల చట్టం. ఆ లోటును అంతర్జాలం తీరుస్తుంది.

మరొక వైపు చూస్తే, పెద్ద నగరాల విద్యార్థికి లేని సౌకర్యం ఒకటి ఇక్కడివారికి ఉన్నది. సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి పట్టణాలలో కోర్టులు కలవు. ప్రసారాలలో కనిపించని సాక్షుల విచారణ అక్కడ, అందులోను సాక్షి తన సొంత తెలుగులో చెప్పగా వినవచ్చును. ఉదయం సోంపేట కోర్టులో అడ్డు ప్రశ్నలు విని, సాయంత్రం ఇంటివద్ద రాజ్యాంగ ధర్మాసనం వాదన చూసే వీలు ఏ తరానికీ లేదు.

ఈ ప్రాంతపు చరిత్రలోనే ఒక సంపూర్ణ పాఠ్యాంశం ఉన్నది. సోంపేట, కవిటి, కంచిలి మండలాలలో విస్తరించిన బీల అనే చిత్తడి నేల సాగునీటికి, చేపల వేటకు ఆధారం. ఇందులో సోంపేట వద్ద థర్మల్ విద్యుత్ కేంద్రానికి 2008లో జి.ఓ. 1107 ద్వారా భూమి కేటాయించారు. రైతులు, మత్స్యకారులు వ్యతిరేకించారు. 2010 జూలై 14న అక్కడ జరిగిన పోలీసు కాల్పులలో ప్రాణనష్టం జరిగినది. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసినది. కొద్ది నెలలకే, అక్టోబరులో ఆ సంస్థ స్థానంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చినది. 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారం ప్రాజెక్టు నివేదిక సారాంశాన్ని ప్రాంతీయ భాషలో కూడా ప్రజలకు అందించవలెను, బహిరంగ విచారణ జరపవలెను. జి.ఓ., నివేదిక, బహిరంగ విచారణ, అప్పీలు, ఉత్తర్వు అనే ఈ వరుసలో పరిపాలనా న్యాయం, పర్యావరణ న్యాయం, భూమి చట్టాలు, క్రిమినలు చట్టం అన్నీ కలిసి వస్తాయి. 2018 నుండి పర్యావరణ అనుమతుల దరఖాస్తులు పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటున్నాయి. 2008లో ఒక రైతు తన భూమి సంగతి తెలుసుకోవడానికి పడిన అవస్థను, నేటి విద్యార్థి కాగితాలు సంపాదించే తీరును పోల్చి చూడడం కూడా పాఠంలో భాగం కాగలదు.

భాష

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల కార్యకలాపాలు ప్రధానంగా ఇంగ్లీషులో జరుగుతాయి. తీర్పుల అనువాదానికి సుప్రీంకోర్టు 2019లో సువాస్ అనే సాఫ్టువేరును ప్రవేశపెట్టినది. 2023 గణతంత్ర దినోత్సవం నుండి ప్రాంతీయ భాషలలో తీర్పులను అందించడం ప్రారంభించినప్పుడు తొలివిడతలో తెలుగులోనికి వచ్చినవి ముప్పైకి లోపే. తరువాత సంఖ్య పెరిగినది. అదే ఏడాది తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించినది.

అనువాద యంత్రానికి న్యాయభాష కొరకరాని కొయ్య. సుప్రీంకోర్టు ఉత్తర్వులలో తరచు కనిపించే ‘లీవ్ గ్రాంటెడ్’ అనే మాటకు అప్పీలుకు అనుమతి ఇవ్వబడినదని అర్థం. యంత్రం దానిని ‘సెలవు మంజూరైనది’ అని రాస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. ‘సూట్’ అంటే దావా, ‘డిక్రీ’ని డిక్రీ అనే ఉంచాలి. ఇందువలన అనువాదాలను మనుషులు సరిచూస్తారు. అయినా అనువాదం అవగాహన కోసమేననీ, అమలుకు ఇంగ్లీషు పాఠమే ప్రమాణమనీ తీర్పు మీద హెచ్చరిక ఉంటుంది. విద్యార్థి తెలుగు అనువాదాన్ని, ఇంగ్లీషు మూలాన్ని పక్కపక్కన ఉంచుకొని చదివితే రెండు భాషలూ బలపడతాయి. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థికి మొదటి సంవత్సరంలో ఇంతకు మించిన అభ్యాసం లేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-పీజీ పాఠశాల వంటి ఉచిత పాఠాల నిధులలో న్యాయశాస్త్ర పాఠాలు ఉన్నవి గాని అవి ఇంగ్లీషులోనే ఉన్నాయి. తెలుగులో అటువంటి ప్రయత్నం జరగవలసి ఉన్నది.

పరిమితులు, విమర్శలు

ప్రభుత్వం తలచినప్పుడు తెరిచిన తలుపు తలచినప్పుడు మూసుకుపోగలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008 నుండి జి.ఓ.లను అంతర్జాలంలో ఉంచుతూ వచ్చి, 2021 ఆగస్టులో ఆ పద్ధతిని నిలిపివేసినది. 2024లో పునరుద్ధరించారు. మధ్య మూడేళ్ళలో పరిపాలనా న్యాయం చదివిన విద్యార్థులు తమ రాష్ట్రపు మూలపత్రాలను చూసే సులభమైన వీలు కోల్పోయారు.

బార్ కౌన్సిల్ 2024 సెప్టెంబరులో న్యాయ కళాశాలలలో బయోమెట్రిక్ హాజరు, సీసీ కెమెరాలు ఏర్పాటు చేయవలెనని ఉత్తర్వు ఇచ్చినది. పేరుకు చేరి తరగతికి రాని విద్యార్థులున్న కళాశాలలను సరిదిద్దడం దీని ఉద్దేశం. వేలిముద్ర యంత్రం విద్యార్థి వచ్చినట్లు చెబుతుంది గాని పాఠం జరిగినట్లు చెప్పదు. సాంకేతికతపై వెచ్చించే సొమ్ము పరిమితమైన చిన్న కళాశాలలలో అది ముందు దేనికి పోవాలనేది చర్చనీయాంశం.

కృత్రిమ మేధతో నడిచే చాట్‌జీపీటీ వంటి సేవలు 2022 చివర నుండి విద్యార్థుల చేతికి వచ్చినవి. అమెరికాలో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో న్యాయవాదులు ఇటువంటి సేవ కల్పించిన, ఎక్కడా లేని ఆరు తీర్పులను కోర్టుకు సమర్పించి 2023 జూన్‌లో ఐదువేల డాలర్ల జరిమానాకు గురైనారు. ఈ యంత్రం తీర్పు పేరు, సంపుటం సంఖ్య, న్యాయమూర్తి పేరు కూడా నమ్మకంగా కల్పించగలదు. 2025లో కేరళ హైకోర్టు జిల్లా న్యాయస్థానాలలో కృత్రిమ మేధ వాడకంపై మార్గదర్శకాలు జారీచేసినది. యంత్రం చెప్పిన ప్రతి తీర్పును ఈ-ఎస్‌సీఆర్‌లోనో, హైకోర్టు వెబ్‌సైటులోనో తెరిచి, పేరా సంఖ్యతో సహా చూసిన తరువాతనే రాయవలెనన్న నియమాన్ని కొందరు అధ్యాపకులు విద్యార్థులకు పెడుతున్నారు.

విద్యుత్తు, సిగ్నలు లేనిచోట ఇవేవీ పనిచేయవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు విద్యుత్ స్తంభాలు కూలి అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. నష్టపరిహారం నియమాలు, బీమా షరతులు, రుణాల వాయిదా ఉత్తర్వులు ప్రజలకు అత్యంత అవసరమైనది కూడా ఆ రోజులలోనే. 2017లో ప్రారంభమైన టెలి-లా పథకంలో పంచాయతీ సేవాకేంద్రం నుండి వీడియో లేదా ఫోను ద్వారా న్యాయవాది సలహా పొందవచ్చును. దానికి కూడా కరెంటు, సిగ్నలు కావలెను. ముఖ్యమైన చట్టాల అచ్చుప్రతులను న్యాయసేవా కేంద్రాలలోను, కళాశాల గ్రంథాలయాలలోను ఉంచే పాత పద్ధతిని తుఫాను తీరంలో వదులుకోవడానికి వీలులేదు.